నాన్న పుస్తకంలో డాక్టర్ బండా

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు హైదరాబాద్ నుంచి పెద్ద ఉత్తరం పంపారు. ఆమె నాన్నగారు డాక్టరు. 1970లలో ఆఫ్రికాలోని మలావీకి ఉద్యోగం మీద వెళ్ళి, అక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో చాలా ఏళ్ళు పనిచేశారు. ఆమె చిన్నప్పటి చదువు కూడా అక్కడే సాగింది. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. పిల్లలంతా కలిసి సహస్ర చంద్ర దర్శనం తలపెట్టారు. ఆ రోజు బంధుమిత్రులకు పంచడానికి ఆయన జ్ఞాపకాలను పుస్తకంగా వేయిస్తున్నారు. ఆయన చెబుతుంటే ఈమె రాసిపెడుతున్నారు.

చిక్కంతా ఒక్క అధ్యాయంతో వచ్చింది. అది మలావీ మొదటి అధ్యక్షుడు డాక్టర్ హేస్టింగ్స్ కముజు బండా గురించి. ఆయనంటే నాన్నగారికి దేవుడితో సమానం. మూడు పీసుల సూటు, తలమీద నల్ల టోపీ, చేతిలో చామరం ఉన్న ఆయన ఫొటో ఇప్పటికీ వాళ్ళ హాల్లో వేలాడుతోంది. "పేదింట పుట్టి డాక్టరైన మనిషి. దేశాన్ని క్రమశిక్షణలో పెట్టాడు. ఆ దేశం ఉప్పు తిన్నాను, ఆయన మీద ఒక్క మాట పడనివ్వను" అంటారు. ఈమెతో కలిసి చదువుకున్న ఒక మలావీ స్నేహితురాలు నేటికీ వాట్సాప్‌లో పలకరిస్తుంటుంది. ఆమె తండ్రి బడిపంతులు. ఎనభైల మొదట్లో ఒక రాత్రి ఆయన్ని ఇంటి నుంచి తీసుకుపోయారు. కేసు లేదు, విచారణ లేదు. కొన్నేళ్ళకు రోగిష్టిగా తిరిగొచ్చి ఎక్కువకాలం బతకలేదు. పుస్తకం సంగతి విని ఆ స్నేహితురాలు "అందులో మా నాన్న కూడా ఉంటాడా?" అని అడిగింది. ఆ ప్రశ్న తర్వాత ఈమెకు కలం సాగడం లేదు.

అమెరికాలో ఉన్న తమ్ముడు "ఈ వయసులో నాన్న మనసు కష్టపెట్టకు, చెప్పింది చెప్పినట్టు రాసెయ్" అంటున్నాడు. భర్త "అసలా అధ్యాయమే తీసేస్తే గొడవ వదిలిపోతుంది కదా" అంటున్నారు. ఇంకో సంగతి కూడా ఆమె రాశారు. చిన్నప్పుడు ఒక రాత్రి నాన్న ఆసుపత్రి నుంచి ఆలస్యంగా వచ్చి అన్నం ముట్టలేదు. అమ్మ కిటికీలు మూసి, రేడియో గొంతు పెంచి, ఏమైందని అడిగింది. "వాళ్ళ దేశం వ్యవహారం, మనకెందుకు" అన్న ఒక్క మాటే ఈమె చెవిన పడింది. "నేను ఏం చేస్తే నాన్నకూ, నా స్నేహితురాలికీ ద్రోహం చేయనిదాన్నవుతాను?" అని అడుగుతున్నారు.

అమ్మా,

మీ నాన్నగారు ఎవరిని అంతగా ఇష్టపడుతున్నారో ముందు చూద్దాం. ఆయన చెబుతున్న బండా కల్పన కాదు. ఆ మనిషి నిజంగానే ఉన్నాడు.

నాటి నయసాలాండ్‌లో, అంటే నేటి మలావీలో, కసుంగు దగ్గర పల్లెలో, పందొమ్మిదో శతాబ్దం చివర్లో పుట్టాడు. పుట్టిన తేదీ రాసిపెట్టే అలవాటు లేని కుటుంబం. స్కాట్లాండ్ మిషన్ బడిలో నాలుగు ముక్కలు నేర్చుకుని, ఇరవై ఏళ్ళయినా నిండకముందే చదువు కోసం దక్షిణానికి నడక పట్టాడు. దక్షిణ రొడీషియాలో (నేటి జింబాబ్వే) ఆసుపత్రి పనివాడుగా చేరాడు. తర్వాత జొహానెస్‌బర్గ్ బంగారు గనుల్లో పనిచేశాడు. ఒక ఆఫ్రికన్ అమెరికన్ చర్చి అండతో 1925లో అమెరికా చేరాడు. ఒహైయోలో హైస్కూలు చదువు, షికాగో విశ్వవిద్యాలయంలో చరిత్రలో పట్టా, నాష్‌విల్‌లోని మెహారీ వైద్య కళాశాలలో 1937లో వైద్య పట్టా. బ్రిటిష్ ఏలుబడిలోని సొంత దేశంలో వైద్యం చేయాలంటే అది చాలదన్నారు. దాంతో ఎడిన్‌బరో వెళ్ళి మళ్ళీ చదివి 1941లో అక్కడి అర్హత కూడా సంపాదించాడు. అంతా అయ్యాక స్వదేశంలోని మిషన్ ఆసుపత్రిలో పనిచేస్తానంటే, నల్లవాడి కింద పనిచేయబోమని అక్కడి తెల్ల నర్సులు అభ్యంతరం చెప్పారు.

మీ నాన్నగారి తరం డాక్టర్లలో ఈ కథ విని కదలనివాళ్ళెవరుంటారు? ఫీజు కట్టడానికి అప్పులు చేసి చదివి, పరాయి దేశంలో రంగు వల్లా యాస వల్లా చిన్నచూపు పడ్డవాళ్ళు చాలామంది బండాలో తమనే చూసుకున్నారు. లండన్‌లో హార్ల్స్‌డెన్ అనే పేటలో ఆయన ప్రాక్టీసు పెట్టినప్పుడు రోగుల్లో ఎక్కువమంది తెల్లవాళ్ళే. మంచి డాక్టరని పేరు. ఆఫ్రికా నుంచి వచ్చిన విద్యార్థులకు ఆ ఇల్లు ఎప్పుడూ తెరిచే ఉండేది. నయసాలాండ్‌ను ఉత్తర, దక్షిణ రొడీషియాలతో (నేటి జాంబియా, జింబాబ్వే) కలిపి తెల్ల సెటిలర్ల చేతిలో పెట్టే ఫెడరేషన్‌ను ఆయన అక్కడి నుంచే గట్టిగా ఎదిరించాడు. అయినా 1953లో అది వచ్చిపడింది. ఆయన గోల్డ్‌కోస్ట్‌లోని (నేటి ఘానా) కుమాసీకి మారి వైద్యం చేసుకుంటుంటే, చిపెంబెరే, చియుమె లాంటి కుర్ర నాయకులు తమ ఉద్యమానికి పెద్దతల కావాలని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి పిలిపించుకున్నారు.

1958 జూలై 6న బండా బ్లాంటయర్‌లో విమానం దిగాడు. దేశం విడిచి అప్పటికి నలభై ఏళ్ళు దాటింది. సొంత భాష నోట పలకక ఇంగ్లీషులోనే మాట్లాడాడు. పక్కన ఒకరు చిచెవాలోకి మార్చి చెప్పేవారు. అయినా జనం విరగబడి వచ్చారు. 1959 మార్చి 3న అత్యవసర పరిస్థితి ప్రకటించి ఆయన్ని పట్టుకుపోయి దక్షిణ రొడీషియాలోని గ్వెలో జైలులో పెట్టారు. ఆ ఒక్కరోజే న్కాటా బే ఊళ్ళో పోలీసు కాల్పుల్లో ఇరవైమంది చనిపోయారు. నయసాలాండ్ పోలీసు రాజ్యంగా మారిందని బ్రిటిష్ ప్రభుత్వం వేసిన డెవ్లిన్ కమిషనే రాసింది. 1960 ఏప్రిల్‌లో విడుదలై, ఫెడరేషన్‌ను పడగొట్టి, 1964 జూలై 6న స్వతంత్ర మలావీకి ప్రధాని అయ్యాడు. ఇంతవరకు మీ నాన్నగారు చెప్పేదంతా నేనూ సంతోషంగా రాసుకుంటాను.

చిక్కు ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే మొదలైంది. తనను పిలిపించిన కుర్రవాళ్ళే మంత్రులుగా ఆయన ఎదుట కూర్చుని కొన్ని మాటలు అడిగారు. పక్కన మొజాంబిక్‌ను ఏలుతున్న పోర్చుగీసువాళ్ళతో, తెల్లవాళ్ళ ఏలుబడిలోని దక్షిణాఫ్రికాతో ఈ చెలిమి ఏమిటి, ఉద్యోగాల్లో తెల్లవాళ్ళ బదులు మనవాళ్ళు ఇంకెప్పుడు వస్తారు అని అడిగారు. ఆసుపత్రికి వచ్చే రోగుల దగ్గర మూడు పెన్నీలు ఎందుకు వసూలు చేస్తున్నారని కూడా అడిగారు. ఈ మూడు పెన్నీల సంగతి మీ నాన్నగారికి తప్పకుండా చెప్పండి. డాక్టరు ప్రధానిగా ఉన్న దేశంలో మొదటి పెద్ద తగువులో రోగి చీటీ రుసుము కూడా ఒక కారణం. బండా ముగ్గురు మంత్రుల్ని తీసేశాడు. మరికొందరు వాళ్ళకు తోడుగా రాజీనామా చేశారు. కొద్దికాలంలోనే వాళ్ళంతా దేశం విడిచి పారిపోవలసి వచ్చింది. 1966లో ఒకే పార్టీ రాజ్యాంగం వచ్చింది. 1971లో బండా జీవితకాల అధ్యక్షుడయ్యాడు.

మీరు అక్కడ పెరిగారు కనుక మిగతాది మీ కళ్ళకే కొంత తెలిసి ఉంటుంది. సంతకు వెళ్ళాలన్నా బస్సెక్కాలన్నా పార్టీ కార్డు చూపమనేవారు. ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోకూడదని, మోకాళ్ళు కనిపించే గౌను తొడగకూడదని 1973లో చట్టమే చేశారు. ఆయన వస్తున్నాడంటే పనులు మానుకుని ఆడవాళ్ళు ఆయన బొమ్మ ఉన్న గుడ్డలు కట్టి ఆడి పాడాలి. మీ హాల్లో ఉన్న ఆ ఫొటోను ఆ దేశంలో ప్రతి దుకాణంలోనూ పెట్టి తీరాలి. దానికంటే ఎత్తులో గోడ గడియారం కూడా ఉండకూడదు. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవాళ్ళను నిషేధించి, పార్టీ కార్డు కొననందుకు కొట్టి, ఇళ్ళు తగలబెట్టి, వేలమందిని సరిహద్దు దాటించారు. పార్టీకి పునాది వేసిన న్యాయవాది ఆర్టన్ చిర్వానూ, ఆయన భార్య వేరానూ 1981లో జాంబియా సరిహద్దు దగ్గర పట్టుకుని మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఆర్టన్ 1992లో జోంబా జైల్లోనే చనిపోయాడు. 1983 మేలో ముగ్గురు మంత్రులూ ఒక పార్లమెంటు సభ్యుడూ మ్వాంజా దగ్గర కారు ప్రమాదంలో పోయారని ప్రకటించారు. పోలీసులే చంపారని పదకొండేళ్ళ తర్వాత వేసిన విచారణ సంఘం తేల్చింది. ఆ కేసులో బండాపై నేరం రుజువు కాలేదని కోర్టు 1995లో వదిలిపెట్టింది. పుస్తకంలో ఈ సంగతి రాస్తే ఈ తీర్పు కూడా రాయండి. నిజం మనవైపు ఉన్నప్పుడు సగం దాచే అవసరం లేదు.

కవి జాక్ మపాంజేను 1987 నుంచి 1991 దాకా మికుయు జైల్లో ఏ అభియోగమూ లేకుండా ఉంచారు. ప్రపంచానికి తెలిసిన కవి గతే అదైతే, మీ స్నేహితురాలి నాన్న లాంటి బడిపంతుళ్ళ గతి చెప్పేదేముంది. ఆమె చెబుతున్నది ఒక్క కుటుంబంలో జరిగిన పొరపాటు కథ కాదు. ఆ రాజ్యం నడిచిన తీరే అది.

మీ నాన్నగారు మెచ్చుకునే మిగతా విషయాల్లో నిజం లేకపోలేదు. రోడ్లు వేశారు. రాజధానిని 1975లో జోంబా నుంచి లిలాంగ్వేకు మార్చారు. తలుపులకు గొళ్ళెం పెట్టకుండా పడుకునేవాళ్ళమని అక్కడివాళ్ళు కూడా చాలామంది అంటారు. ఎనభైల చివర్లో మొజాంబిక్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన లక్షలమందికి ఆ పేద దేశం తలదాచుకునే చోటిచ్చింది. కానీ నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతి ఒకటుంది, అది డాక్టరైన మీ నాన్నగారికి నాకంటే బాగా అర్థమవుతుంది. 1981లో బండా తన సొంత ప్రాంతంలో కముజు అకాడమీ అనే గొప్ప బడి కట్టించాడు. అక్కడ పిల్లలకు లాటిన్, గ్రీకు నేర్పేవారు. టీచర్లు తెల్లవాళ్ళే కావాలన్నాడు. దేశంలో వైద్య కళాశాల మాత్రం 1991లో గాని మొదలు కాలేదు. చదువు కోసం మూడు ఖండాలు తిరిగిన డాక్టరు ముప్పై ఏళ్ళు ఏలినా, తన దేశపు పిల్లవాడు డాక్టరు కావాలంటే మళ్ళీ పరాయి దేశమే పోవలసి వచ్చింది. మీ నాన్నగారి లాంటి వాళ్ళు అక్కడ అంతగా కావలసి వచ్చింది కూడా అందుకే.

డాక్టరు కనుక మంచివాడై ఉంటాడనే నమ్మకం మన ఇళ్ళలో చాలా బలంగా ఉంది. హార్ల్స్‌డెన్‌లో బండా మంచి డాక్టరుగా ఉండడానికి ఆయన గుణం ఒక్కటే కారణం కాదు. నచ్చకపోతే రోగి లేచి వెళ్ళి పక్క వీధి డాక్టరును చూపించుకోగలడు. మలావీలో ఆ వీలు లేదు. ఏకత, విశ్వాసం, విధేయత, క్రమశిక్షణ అని నాలుగు మూలస్తంభాలు చెప్పేవాడు. ఆ నాలుగూ ప్రజలు ఆయనకు చెల్లించవలసినవే. ఆయన వాళ్ళకు చెల్లించాల్సినది వాటిలో ఒక్కటీ లేదు. అలాగని డాక్టర్లు రాజకీయాలకు పనికిరారని నేననడం లేదు. సియెరా లియోన్‌కు స్వాతంత్ర్యం తెచ్చిన మిల్టన్ మార్గై కూడా డాక్టరే. పల్లె మంత్రసానులకు వాళ్ళ భాషలో శిక్షణ ఇచ్చి జనంలోకి వచ్చినవాడు. స్వాతంత్ర్యం వేళ ప్రతిపక్షం వాళ్ళను కొందరిని జైల్లో పెట్టినా, ఒకే పార్టీ పాలన దాకా పోలేదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న దారుల గురించి చెబుతాను.

తమ్ముడు అన్నట్టు చెప్పింది చెప్పినట్టు అచ్చువేస్తే దర్శనం రోజు సాఫీగా గడిచిపోతుంది. నాన్నగారు సంతోషిస్తారు. కానీ ఈ రోజుల్లో పుస్తకం బంధువుల బీరువాల్లో ఆగదు. ఎవరో ఒకరు పీడీఎఫ్ చేసి పంపుతారు, ఫొటోలు పెడతారు. తెలుగు రాని మీ స్నేహితురాలు కూడా ఫోన్లో అనువదించుకుని చదవగలదు. అప్పుడు ఆమె ప్రశ్నకు మీ జవాబు అచ్చులో ఉంటుంది. రాసిన చెయ్యి మీదే కనుక, అది నాన్న అభిప్రాయమని తప్పించుకోవడం మీ మనసుకు చాలదు. ఉత్తరం చదివితే అది తెలిసిపోతోంది.

మీవారు చెప్పినట్టు అధ్యాయం తీసేస్తే గొడవ వదలదు. తన జీవితంలో ముఖ్యమైన ఏళ్ళను కూతురు కత్తిరించిందని పెద్దాయన అనుకుంటారు. నిజానికి ఆ ఏళ్ళు ఆయనవే. ఎంతోమంది మలావీ పిల్లలు ఆయన చేతుల మీద పుట్టి ఉంటారు, ఆ కథ పోకూడదు. పైగా మౌనం కూడా ఒక పక్షమే. ఆ రాత్రి అమ్మ రేడియో గొంతు పెంచినప్పటి నుంచి మీ ఇంట్లో ఉన్నది ఆ మౌనమే కదా.

ఆయనకు చెప్పకుండా మీరే మార్చి రాసే ఆలోచన ఉత్తరంలో ఒక్క వాక్యంలో కనిపించింది. ఆ పని మాత్రం వద్దు. మిగతా దారుల్లో దేనికైనా నేను మీ వెంట ఉంటాను, దీనికి ఉండను. ఆయన అనని మాటను ఆయన నోట పెట్టడం, అదీ ఎదురుచెప్పే ఓపిక తగ్గిన వయసులో, తప్పు.

నాకు కుదురుతుందనిపించే దారి ఇంకొకటుంది. దానికి కొంత ఓర్పు కావాలి. ఆ అధ్యాయంలో నాన్నగారు స్వయంగా చూసింది ఎంత, విని నమ్మింది ఎంత అని విడదీయండి. ఆసుపత్రి, రోగులు, జీతం, ఊరు, బండాను ఎప్పుడైనా దగ్గర నుంచి చూసి ఉంటే ఆ సంగతి, ఇవన్నీ సాక్ష్యం. ఒక్క అక్షరం మార్చకండి. "ఆయన పాలనలో ఎవరికీ అన్యాయం జరగలేదు" లాంటి వాక్యాలు సాక్ష్యం కావు. వాటి దగ్గర ఆగి, "ఇది మీకెలా తెలుసు నాన్నా?" అని మెల్లగా అడగండి. వాదించకండి. తేదీలూ పేర్లూ ఆయన మీద గుమ్మరించకండి. ఒక పూట ఒక్క ప్రశ్న చాలు.

ఆయన అభిమానం వెనక భయం కూడా ఉండి ఉండవచ్చు. ఆ రోజుల్లో విదేశీయులు ఒక్క మాట తూలితే సామాను సర్దుకునే వ్యవధి కూడా లేకుండా పంపించేసేవారు. భారత సంతతి వ్యాపారులను పల్లెల నుంచి ఖాళీ చేయించి పట్టణాలకు నెట్టిన కాలం అది. భార్యాపిల్లలతో పరాయి దేశంలో ఉన్న డాక్టరు నోరు మూసుకున్నాడంటే తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. నోరు మూసుకుని బతకాల్సి వచ్చినప్పుడు, మూయించినవాణ్ణి మంచివాడని నమ్మితే బతుకు తేలికవుతుంది. ఏళ్ళు గడిచేసరికి ఆ నమ్మకమే మిగిలిపోతుంది. ఆ రాత్రి ఆసుపత్రిలో ఏం జరిగిందో మీకు తెలియదు, నాకూ తెలియదు. దాన్ని ఊహించి రాయకండి. "ఆ రోజుల్లో మీరు ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది ఏమైనా ఉందా?" అని మాత్రం అడగండి. చెబితే వినండి. చెప్పనంటే అక్కడితో వదిలేయండి, మళ్ళీ ఆ తలుపు తట్టవద్దు.

ఉప్పు తిన్న మాట ఆయన ఎత్తితే జవాబు ఉంది. ఆయన తిన్నది మలావీ ఉప్పు. ఆ జీతం పొగాకు పండించిన రైతులు, తేయాకు కోసిన కూలీలు, మీ స్నేహితురాలి తండ్రి లాంటి పంతుళ్ళు కష్టపడి నడిపిన ఖజానాలోది. దేశమంటే తానేనని బండా అందరినీ నమ్మించాడు, మీ నాన్నగారినీ నమ్మించాడు. విశ్వాసం చూపదలచుకుంటే ఆ దేశానికే చూపవచ్చు. ఇంకొకటి కూడా చెప్పండి. 1993 జూన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ముగ్గురిలో దాదాపు ఇద్దరు ఒకే పార్టీ పాలన వద్దన్నారు. మరుసటి ఏడు ఎన్నికల్లో ఓడినప్పుడు బండా కుర్చీ దిగిపోయాడు. 1996లో, తన పాలనలో తన పేరు మీద జరిగిన తప్పులకు క్షమించమని దేశాన్ని కోరుతూ ప్రకటన ఇచ్చాడు. బండాయే ఒప్పుకున్నదాన్ని ఆయన అభిమాని కాదనాల్సిన పనిలేదు.

ఇంత చేసినా ఆయన ఒక్క వాక్యం కూడా మార్చనంటే, ఆ అధ్యాయం ఆయన పేరు మీద అలాగే ఉంచండి. దాని వెనక మీ పేరు మీద నాలుగు పేజీలు రాయండి. అచ్చుకు ముందే ఆయనకు చదివి వినిపించండి. కోపం రావచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. పుస్తకం మొదట మంచి కాగితం మీద ఇంటివాళ్ళకు మాత్రమే వేసి, మీ పేజీలు రెండో ముద్రణకు ఉంచుకోవడం కూడా ఒక పద్ధతి. దాంతో వేడుక చెడదు. అయితే అలా వాయిదా వేసిన పనులు చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళతో పాటే పోతాయి. తెలిసే ఎంచుకోండి.

ఆయన్ని మార్చగలనన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. 1994 ఎన్నికల్లో కూడా మూడింట ఒక వంతు ఓట్లు బండాకే పడ్డాయి. లిలాంగ్వే విమానాశ్రయానికి నేటికీ ఆయన పేరే. మే 14న అక్కడ కముజు దినం జరుపుతారు. ఆ దేశస్థులే ఒక మాటకు రాలేదు, మీ హాల్లో ఒక వారంలో తేలుతుందా?

మిగిలింది మీ స్నేహితురాలు. ఆమె ప్రశ్న విని మీరు ఆమె తండ్రి కథను రాయడానికి సిద్ధమై ఉంటారు. ముందు ఆమెనే అడగండి. పుస్తకంలో ఉంటాడా అని అడిగినంత మాత్రాన రాయమని అనుమతిచ్చినట్టు కాదు. ఆమెకు తల్లి ఉండవచ్చు, అన్నదమ్ములు ఉండవచ్చు. ఏకపార్టీ కాలపు బాధితుల కోసం అక్కడ పరిహార ట్రిబ్యునల్ ఒకటి పెట్టారు. వాళ్ళు దాని గడప ఎక్కారో లేదో, ఆ అనుభవం ఎలాంటిదో మీకు తెలియదు. పేరు వేయాలా వద్దా, ఏ ఊరని రాయాలి, ఏ ఏడని రాయాలి, అన్నీ ఆమె నోట రానివ్వండి. రాసింది ఇంగ్లీషులో చెప్పి వినిపించి, ఆమె సరేనన్నాకే ప్రెస్సుకు పంపండి. ఇందుకు వారం పది రోజులు ఎక్కువ పడతాయి కనుక, ప్రెస్సువాళ్ళతో ఇప్పుడే మాట్లాడి ఆ పేజీలు అన్నిటికంటే చివర్లో అచ్చువేసేలా ఒప్పించుకోండి.